సర్వే నెంబరు లేని లంక

మా కోరంగి పాయలో
నేల పుట్టడం మేం చూస్తూనే ఉంటాం.
ముందు నీళ్ల రంగు మారుతుంది,
మరుసటేడు తెడ్డుకి అడుగు తగులుతుంది,
ఓ పొద్దున చూస్తే దానిమీద
ఒంటికాలి కొంగ.

కరణం మాత్రం ఒప్పుకోడు.
మూడు వరదలకి నిలిస్తేనే లంక అంటాడు.
అందాకా అది గోదారి కక్కిన బురదే,
నెంబరు లేదు, పేరు లేదు, శిస్తు లేదు.

మా పోలన్న చేరిన పటాలం కూడా
అలాగే పుట్టిందట.

చెప్పినవాడు పెమ్మాడి గంగులు.
రంగంలో బియ్యం మిల్లు కూలీ.
యుద్ధం అయిపోయాక ఓడెక్కి వచ్చాడు
సగం చెవితో, ఒక రేకు పెట్టెతో.
మా వసారాలో గొంతుక్కూర్చుని
ఆరిపోయిన చుట్ట పీలుస్తూ చెప్పాడు:

"దొరలు ఓడలెక్కి పోయారమ్మా. మేం మిగిలాం.
జీతం లేదు, మిల్లు లేదు, తిరిగొచ్చే దారి లేదు.
ఓ రోజు రేవు మైదానంలో బల్ల వేసి
పేర్లు రాస్తున్నారన్నారు.
వెళ్లి చూస్తే అన్ని ఒడ్ల ఒండ్రూ అక్కడే ఉంది.
జపానోడికి పట్టుబడ్డ సిపాయిలు, అరవ తోటకూలీలు,
క్షవరం చేసే మస్తాను, లెక్కలు రాసే సేటు కొడుకు.
మన తాళ్లరేవు ఆదెమ్మయితే
దుద్దులు తీసి బల్లమీద పెట్టి
రసీదు అడిగింది!
పోలడి వంతొచ్చింది.
ఏ దేశం అన్నారు.
కోరంగి అన్నాడు.
రాసేవాడు నవ్వి, ఇంకేదో రాసుకున్నాడు.

తుపాకులు చాలక మొదటి నెలంతా
వెదురు బొంగులతో కవాతు.
మీవాడు బొంగుని పడవ గెడలా పట్టేవాడు.
హవల్దారు హిందుస్తానీలో తిట్టేవాడు.
మీవాడికి తిట్లు ముందు అర్థమయ్యాయి,
ఆజ్ఞలు తర్వాత."

అమ్మ ఒక్కటే అడిగింది.
"కూడు పెట్టేవారా?"
గంగులు చుట్ట మళ్లీ వెలిగించుకున్నాడు.

సూరన్న లోపలే ఉన్నాడు, గోడకానుకుని.
కాకినాడ మీద బాంబు పడ్డ ఏడాది
రాజమండ్రిలో వేలిముద్ర వేసి
సర్కారు పటాలంలో చేరినవాడు.
నెలనెలా వాడి మనియార్డరుతోనే
ఈ తాటాకు కప్పించాం.
నాకప్పుడు పదేళ్లు,
ఇద్దరన్నలూ ఒకే యుద్ధానికి వెళ్లారనుకున్నాను.

మూడోరోజు రాత్రి
వల తీయడానికి నన్నూ పడవెక్కించుకున్నాడు.
కొత్త లంక దగ్గర తెడ్డు నేలకి తగిలింది.
దాన్ని పైకి తీసి
నీళ్లు కారుతుండగానే ఒళ్లో పెట్టుకున్నాడు.

"కొండమీద వాన. పది రోజులుగా అదే వాన.
కందకం అవతల్నుంచి ఎవడో
'ఒరేయ్, నిప్పుందేటి' అని కేకేశాడు, మన యాసలో.
మావాళ్లెవరికీ తెలీలేదు,
నాకొక్కడికే తెలిసింది.
అది పోలడి గొంతు కాదు.
కాదనే అనుకున్నాను."

"మరి నువ్వేమన్నావు?"

చాలాసేపు కప్పలు అరిచాయి.

"నా అగ్గిపెట్టె తడిసిపోయిందే" అన్నాడు.

ఆ ఏడు వరదకి లంక సగం కోసుకుపోయింది.
కరణం పటంలో ఆ చోట ఇప్పటికీ నీళ్లే.
అమ్మ మిగిలిన సగంలో దోసగింజలు పెట్టింది,
ఒడ్డున ఓ గెడ పాతింది.
ఎందుకే అంటే
పడవ కట్టుకోడానికంది.
ఎవరి పడవో చెప్పలేదు.