సూదికి నాలుక

పాలకొల్లులో కాలవ వంతెన దిగగానే
సైకిల్ షాపుకీ పచ్చళ్ల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న
మూడడుగుల వాచీల కొట్టు నాది.
జనం మణికట్ల మీంచి వాచీలు దిగిపోయాక
సెల్లు కవర్లు అమ్ముకుంటున్నాను.
భూతద్దం మాత్రం ఇంకా కంటికే ఉంది, అలవాటు.

ఒక మధ్యాహ్నం ఏసుమణి వచ్చి బల్ల మీద ఓ సూది పెట్టింది.
"దీనికి కాస్త బుద్ధి చెప్పండి బాబూ."

నరసాపురం లేసు సూది. కొనకి కొక్కెం, అంతే.
ముప్పయ్యేళ్లు దానితో దారప్పువ్వులల్లిన చెయ్యి
ఇప్పుడు సవరాల షెడ్డులో
వలకి వెంట్రుకలు ముడేస్తోంది.
దారం మాట వింటుందట, వెంట్రుక వినదట.
ఒకటి కావాలని గుచ్చితే మూడొస్తాయట,
విదిలిస్తే మూడూ పోతాయట,
చేతికి మిగిలేది ఎవరిదో తలనూనె వాసన.

మొదటిది గొడుగు ఊచతో చేశాను. వంగింది.
రెండోది సైకిల్ పుల్లతో. వంగలేదు, వల చిరిగింది.
మూడోదానికి బనియన్ల మిషను సూది తెప్పించి
కొక్కేనికి ఎదురుగా చిన్న నాలుక కూర్చాను.
లోపలికి వెళ్లేటప్పుడు అది తెరుచుకోవాలి,
వెంట్రుకని కరుచుకుని
వెనక్కొచ్చేటప్పుడు మూసుకోవాలి.
మరి ఆ నాలుక ఊగడానికి ఇరుసో?
ఎవరూ తీసుకెళ్లని ఆడవాళ్ల వాచీ ఒకటి విప్పి
అందులోంచి తీశాను.
రసీదు మీద పేరుంది, తేదీ ఉంది.
వస్తే చెప్పుకుందాంలే అనుకున్నాను.

పిడి దగ్గర పదిరోజులు ఆగిపోయాం.
తాటిచేవ నున్నగా చిత్రిక పడితే చెమటకి జారింది,
గరుకుగా వదిలితే బొబ్బలు.
ఆఖరికి చేలగట్టు నుంచి బంకమట్టి తెచ్చి
"సూదనుకుని పట్టుకోండి" అన్నాను.
పట్టుకుంది. వదిలింది.
బొటనవేలు ఆనినచోట గుంట,
చూపుడువేలు వాలినచోట ఏటవాలు,
ఉంగరం వేలు చోట ఏమీ లేదు.
ఆ వేలు ఎప్పుడో పని మానేసిందని
ఆవిడకే తెలీదు.
మట్టి బీటలిచ్చేలోపు ఆ గుంటల్ని కర్రలోకి దించాను.

"ఆయ్, ఇప్పుడు అతికిందండి చేతికి."
కూలి సగం డబ్బు, సగం బొమ్మిడాయలు.

నాకే మనసొప్పలేదు.
నాలుక పడ్డప్పుడల్లా టిక్కుమంటోంది.
అక్కర్లేని చప్పుడొకటి మిగిలిందంటే
రిపేరు కానట్టేరా అనేవాడు మా గురువు మస్తాను.
ఒక్క రాత్రి ఉంచండని తీసుకుని
ఆకురాయి ఆడించి, చుక్క నూనె వేసి,
గుడ్డమీద గుడ్డ పడ్డట్టు చేసి ఇచ్చాను.

నాలుగోనాటికి తిరిగొచ్చింది.
"దీని నోరు మూయించేశారేంటండీ?"

నేను మస్తాను మాట చెప్పబోయాను.
ఆవిడ పచ్చళ్ల కొట్టు వైపోసారి చూసి
గొంతు తగ్గించింది.
"శుక్లాలండి. ఎడంకన్ను లేదనుకోండి.
నల్ల వెంట్రుక, నల్ల వల, షెడ్డంతటికీ ఒకటే ట్యూబులైటు.
చూసి చేస్తున్నాననుకున్నారా?
టిక్కంటే పట్టినట్టు, అనకపోతే పట్టనట్టు.
మేస్త్రీతో అనకండేం."

భూతద్దం తీసి పక్కన పెట్టాను.
నాలుకని వెంట్రుకవాసి వదులు చేశాను.
ఆ మాట ఎన్నేళ్లుగానో అంటున్నాను గానీ
కొలిచి వాడింది ఆ రోజే.
చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను,
ఆవిడకిచ్చాను, ఆవిడా చెవి దగ్గరే పెట్టుకుంది.

ఇప్పుడు షెడ్డులో అలాంటివి పదిహేడు.
ఒక్కో పిడికీ ఒక్కో మట్టిముద్ద.
సరుకివ్వడానికి వెళ్లినప్పుడు
గుమ్మంలో కాసేపు నిలబడిపోతాను.
టిక్కు మీద టిక్కు, 
నా కొట్టు గోడనిండా గడియారాలున్న రోజుల్లోలా
ఏ రెండూ కలవకుండా.

రసీదు ఆవిడ ఇంకా రాలేదు.