పిడచకాయ

నిడమనూరు నుంచి వచ్చిన సంచి
బల్ల మీద గుమ్మరించింది షాహీన్.
పద్దెనిమిది బత్తాయిలు.
పైకి నున్నగ, పసిమిగ, పెండ్లికి పోతున్నట్టు.
కాటా మీద పెడితేనే తెలిసింది
లోపల ఎవరూ లేరని.

తొనను బ్లేడుతో సన్నగ గీసి
అద్దం మీద పరిచి
రెండు చుక్కల మందు, ఒక చుక్క ఆసిడు.
ఎక్కడ కట్టె ఉంటే అక్కడ ఎర్రబడుద్ది.
కొమ్మలో అయితే సరే.
ఇది రసం తిత్తి,
పంటికి తగలంగనే పగలాల్సిన గోడ.
అద్దకం నీళ్లల్ల ముంచిన గునుగుపువ్వు లెక్క
చూస్తుండంగనే ఎరుపెక్కింది.

లిగ్నిన్ అంటరు నాయినా దీన్ని, అని ఫోన్ల చెప్పిన.
"చేవ అనరాదే," అన్నడు మా నాయిన ముత్తిలింగం.
నాలుగేండ్ల చదువు
రెండక్షరాల్ల పెట్టిండు.

నలభై కోట్ల ఏండ్ల అవతల
నీళ్లల్ల తేలినన్నాళ్లు పచ్చదనానికి వెన్ను అక్కరలేదు.
ఒడ్డున పడ్డంక నిలబడాలె.
వేరు తాగింది కొసదాక ఎక్కాలె,
ఎక్కేటప్పుడు గొట్టం చప్పబడొద్దు.
అట్ల నేర్చుకున్నది చేవ.
నేర్చినదాన్ని మరిచిపోతనేమోనని
జన్యువు తన్ను తాను మళ్లోసారి రాసుకుంది,
ఆ రాతను ఇంకోసారి.
ఒక్క సర్వే నంబరు కింద
బై నంబర్లు పడ్డట్టు:
కొన్ని తాత దున్నిన సాలే దున్నుతున్నయి,
కొన్ని వేరే పంట పట్టినయి,
కొన్ని ఎన్నడో బీడుబడి
పహాణీల పేరు మాత్రం మిగిలినయి.

కొల్లాపూర్ మామిడిల అదే చేవ టెంకయి
గింజకు కోట కట్టింది.
బాలానగర్ సీతాఫలంల గుజ్జు మధ్య ఇసుకయింది,
దాన్ని మనం నాలుకతోని మన్నించినం.
బత్తాయిని మన్నించే నాలుక లేదు మార్కెట్ల.
టన్నుకు ఇంత సూటు అని కోసుకున్నంక
మల్ల ఒక కాయ చీరి, పిండి,
చుక్క రాలకపోతే లోడు మొత్తం పక్కకు.

నాయిన మెడ తిప్పలేడు.
పక్కకు చూడాలంటే మనిషంత తిరుగుతడు.
ముప్పై ఏండ్ల బోరునీళ్లు ఎముకలల్ల కూసున్నయి.
దీనికీ దానికీ పోలిక లేదని నాకు తెలుసు,
రిపోర్టుల రాయను.
అది నీళ్లతోని వచ్చింది.
ఇది నీళ్లు అందకనేమో,
కాయను చెట్టు మీద ఎక్కువ దినాలు ఆపినందుకేమో,
ఇంకా తేలలేదు.
కానీ సంచి విప్పినప్పుడల్ల
నా మెడ మీద చెయ్యి పోతది.

"ఆ జన్యువును పీకెయ్యరాదు?" అన్నడొకసారి.
పీకేస్తే చెట్టు కూలుద్ది నాయినా.
ఎన్నడు మొదలుపెట్టాల్నో దానికి చెప్పేది ఒకటుంటది,
ఎక్కడ ఆగాల్నో చెప్పేది ఒకటుంటది.
ఆ రెండోదాన్ని వెతుకుతున్న.
"దొరికితే నాకూ జెప్పు," అని నవ్విండు,
నవ్వు తల ఊపకుండనే వచ్చింది.

పదకొండో నంబరు కాయ మాది.
రైతు పేరు రాయొద్దని రూలు.
తొడిమ దగ్గర గోరు గాటు చూసి పట్టిన,
కోసేముందు అట్ల నొక్కి చూసే అలవాటు ఆయనది.
అన్నిటికన్నా ముదురు ఎరుపు దానిదే.
చెయ్యి తప్పిందేమోనని మళ్ల కోసిన.
అదే.

రాసుకున్న: పదకొండు, నాలుగో దశ.
షాహీన్ ఏమీ అడగలేదు.
మందు తగలని సగంల నుంచి ఒక తొన తీసి
నోట్లో వేసుకుంది,
చానాసేపు నమిలింది.
"పిప్పే," అంది.
కొంచెం ఆగి,
"అడుగున జర తీపుంది."