ఐసు మీద ఊరు

ఏడో తరగతి ఒడియా పుస్తకంలో ఉంది ఆ పాఠం.
నేను ఒడియాలో చదివి తెలుగులో చెబుతుంటే
మా గన్నెమ్మ ముసలిది
కాలి బొటనవేలికి వల తగిలించుకుని
పళ్ళతో దారం తెంపుతూ వినేది.

పుస్తకంలో ఎస్కిమోలని ఉంటే
మాస్టారు కొట్టేయించి
ఇన్యూట్ అని రాసుకోమన్నారు.
వాళ్ళ మాటలో మనుషులని అర్థమట.
"మరి బరంపురంలో మనల్ని నోలియాలంతారు.
మనం వాడోళ్ళం. అదెవులు కొట్టేస్తారే?"

మంచు అంటే ఆమెకి తెలీదు.
ఐసని చెప్పాను.
ఛత్రపురం ఫ్యాక్టరీ నుంచి
ఊక కప్పుకుని వచ్చే దిమ్మలాంటిది,
ఊరంతా, సముద్రమంతా.
సూది ఆపింది.
"అయితే ఆల్ల సేప కుల్లదు.
సేటు సెప్పిన రేటుకి
పొద్దోయేలోగా ఇచ్చీనక్కర్లేదు.
అదురుట్టమే."

పొద్దే పొడవని నెలలున్నాయన్నాను.
"మనకీ ఉన్నాయి కదే, ఏడు నెల్లు."
రుషికుల్య మొగకి తాబేళ్ళొచ్చే కాలంలో
గార్డులు తెప్ప ముట్టనివ్వరు.
తాబేలు మీద ఆమెకి కోపం లేదు.
"అదీ ఆడదే. కడుపుతో వస్తాది.
మన కడుపు సంగతే అడిగినోలు నేరు."

సీలు తోలుతో పడవ కుడతారంటే నమ్మలేదు.
బొమ్మ చూపించాను.
చాలాసేపు చూసి
కాళ్ళు తెచ్చుకోడం మరిసిపోయిన కుక్క, అంది.

"కొబ్బరి సెట్లున్నాయేటే ఆల్లకి?"
"లేవు. ఏ చెట్టూ లేదు."
"మరి గంగమ్మకేటి కొడతారు?"
పుస్తకంలో ఆ సంగతి లేదు.

చివరి పేరా చదవకుండా ఉండాల్సింది.
ఐసు కరిగి, గట్టు విరిగి,
అరవై గడపల ఊరు
వెనక్కి వెనక్కి జరుగుతోందట.

ముసలిది మాట్లాడలేదు.
మా పాత వీధి ఉన్నచోట
ఇప్పుడు కెరటం తిరగబడుతుంది.
పోటు తగ్గితే బావి ఒర ఒకటి
పళ్ళూడిన నోరులా తేలుతుంది.
కాలనీలో మాది ముప్పైఏడో నంబరు.
అక్కడికి సముద్రం వినపడదని
ఆమెకి నిద్ర పట్టేది కాదు.

"ముందు ఎవులి నుయ్యి పోయిందో రాసేరా?"
అని మాత్రం అడిగింది.

ఆ ఏడు గంగమ్మ పండక్కి
డప్పుల్ని దాటుకుని
మోకాల్లోతుకి దిగింది.
ఒక కాయ కొట్టి వేసింది.
కొంగు విప్పి ఇంకోటి తీసింది.
అది కొట్టలేదు.
పీచుతోనే, చెయ్యెత్తి, దూరంగా విసిరింది.

"రెండోదెవరికి?"

వెర్రిదాన్ని చూసినట్టు చూసింది నన్ను.
"సెట్టు నేదన్నావు గదా."