నాగావళి, మూడో స్టేజి

అబద్ధానికి ముందు టీ కావాలి.
పంచదార వెయ్యని టీ. వేస్తే చీమలు పట్టేస్తాయి.
ఆట నియమాలు అచ్చేసిన కాగితాన్ని అందులో నానబెట్టి
డాబా మీద, ఒడియాల పక్కన ఆరబెట్టాను.
సాయంత్రానికి దానికి ముప్పై ఏళ్ళు నిండాయి.

ఏడురోడ్ల జంక్షన్‌లో నా సెల్ రిపేరు కొట్టు.
ఆ వేళ కరెంటు లేదు, బేరమూ లేదు.
లాప్‌టాప్‌లో మిగిలిన గంట ఛార్జింగుతో
గళ్ళు గళ్ళుగా ఒక నదిని గీశాను.
పదహారు రంగులే వాడాను,
పాత ఆటకి అంతకంటే ఎక్కువైతే అనుమానం.
నదిలో పడవ, పడవలో తలపాగా మనిషి,
మొహానికి నాలుగే గళ్ళు.
ఎదురు కొట్టుకొచ్చే దుంగలు, గేదెలు,
ఎవరింటిదో ఒక తలుపు.
పై మూల స్కోరు. అడుగున ‘నాగావళి, 1991’.

పాత టీవీకి తగిలించి
చెయ్యి వణికిస్తూ ఫొటో తీశాను.
వణుకు ముఖ్యం.
నిజాన్ని ఎవరూ తిన్నగా ఫొటో తియ్యరు.

‘మా శ్రీకాకుళంలో ఒక్కటే పెట్టె ఉండేది,
గుజరాతీపేటలో, గున్నేశ్వర్రావు గారి పార్లర్లో.
ఎవరికైనా గుర్తుందా?’ అని నెట్‌లో వదిలాను.
గాలం కూడా కాదది. ఒట్టి దారం.

రాత్రికే టెక్కలి నుంచి ఒకాయన:
రెండో స్టేజిలో కాకి వస్తుంది, దాన్ని కొట్టకూడదు,
కొడితే పడవ తిరగబడుతుంది.
నేను కాకిని గియ్యలేదు.
ఆమదాలవలస నుంచి ఒకావిడ:
మీటలేవీ నొక్కకుండా ఊరుకుంటే
పడవ మనిషి మన వైపు తిరిగి చూసేవాడు,
మా అన్నయ్య జడుసుకుని మూడ్రోజులు జ్వరంతో పడుకున్నాడు.
రాజాం వాడొకడు
బొటనవేలి మీది కాయని ఫొటో తీసి పెట్టాడు, సాక్ష్యంగా.
మూడో స్టేజి ఎవరూ దాటలేదట.
ఆ ఒక్క సంగతిలో అందరిదీ ఒకటే మాట.

రెండు రోజులు నవ్వుకున్నాను.
రెండో రాత్రి ఊరికే, కాకిని గీసి చూశాను.
ఎక్కడా చెయ్యి తడుముకోలేదు.

పొద్దున్నే ఒప్పేసుకున్నాను.
గీసింది నేనే, ఇవిగో గళ్ళు, ఇదిగో టీ గ్లాసు.
దొంగన్నారు.
ఊరందరి ఆటని వీడొక్కడే మింగేద్దామని చూస్తున్నాడన్నారు.
టెక్కలాయన మాత్రం తిట్టలేదు.
‘అప్పటికి నీకెన్నేళ్ళు బాబూ?’ అని అడిగాడు.
ఎనిమిది.
‘అదే మరి’ అన్నాడు.

విశాఖ నుంచి కెమెరాలు పట్టుకుని కుర్రాళ్ళొచ్చారు.
గున్నేశ్వర్రావు గారి పార్లరు పోయి పాతికేళ్ళు,
బలగలో సైకిళ్ళకి పంచర్లు వేస్తున్నాడు.
ఇన్నాళ్ళకి ఆయన ముందు ఎవరో కుర్చీ వేసుకు కూర్చున్నారు.
‘కలకత్తా నుంచి మెయిల్లో దింపించినాను.
వరదొచ్చి పెట్టె మునిగిపోనాది.
మునిగినా లోపల పడవ నడుస్తానే ఉండీది బాబూ,
నీళ్ళలోంచి ఎలుగు కనిపించీది.’
అంత బాగా నేను కూడా అబద్ధమాడలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను వెళ్ళాను.
గున్నేశ్వర్రావు గారూ, ఆ పెట్టె... నేనే...
ట్యూబుని నీళ్ళ బేసిన్లో ముంచి
బుడగ కోసం చూస్తున్నాడు, తలెత్తలేదు.
బుడగ వచ్చింది. చిల్లు మీద వేలు పెట్టాడు.
‘నువ్వే స్టేజీలో పోనావురా?’

చెప్పాల్సింది నోటిదాకా ఉంది.
‘మూడు’ అన్నాను.

‘మరేటి. అందరూ అక్కడే.
అప్పటిది రూపాయి బాకీ ఉన్నావు నాకు.’

జేబులోంచి రూపాయి తీసిచ్చాను.
తడి వేళ్ళతో అటూ ఇటూ తిప్పి చూసి
నా చేతిలోనే పెట్టేశాడు.

‘ఇది పడదురా.
దానికి పాత పెద్ద బిళ్ళే పడతాది.’