లీటరు సీసాలు

మా అంగడి ముందర బల్ల మీద
పదకొండు సీసాలు.
నీళ్ళనుకొని ఒకసారి
ఎవరి పిల్లోడో మూత తిప్పబోయినాడు.
అప్పట్నుంచి మెడకు ఎర్రగుడ్డ కట్టి పెడతాండా.

బంకు కళ్యాణదుర్గంలో. ఇరవైమూడు కిలోమీటర్లు.
క్యాన్లో పట్టించుకొస్తే
లీటరుకు పదైదు రూపాయలు నాకు మిగుల్తాది.
ఆ పదైదులోనే మా బాబయ్య స్కూలు బూట్లు,
నా మోకాలి మాత్రలు,
రంజానుకు గుడ్డలు.
పెట్రోలు మీద బతికినదాన్ని
పెట్రోలును తిట్టే నోరు నాకు లేదు.

బస్సు ఆగిపోయి ఆరేండ్లు.
మొదట కలెక్షన్ లేదన్నారు.
తర్వాత రోడ్డంతా గుంతలన్నారు.
గుంతలు పూడ్చినాక
డ్రైవర్లు లేరన్నారు.
ఆరేండ్లలో ఊరు బండ్లు కొనింది,
కొనింది అనకూడదులే, కంతులు కట్టింది.
ఆసుపత్రికి బండి, బ్యాంకుకు బండి,
టమోటా బుట్టలు కట్టుకొని మార్కెట్టుకు బండి,
రేషన్‌కు వేలిముద్ర పడకపోతే
మండలానికి మళ్ళా బండి.
తిప్పక్క కూతురు లలితకు బండి లేదు.
ఆ పాప డిగ్రీ రెండో ఏడు కాడ
రోడ్డు మీదే నిలబడిపోయింది.

నా పుస్తకంలో అన్నీ ఉండాయి:
వన్నూరప్ప, మూడు లీటర్లు, బాకీ.
తిప్పక్క కొడుకు, అర లీటరు,
పెండ్లానికి నొప్పులని రాత్రి తలుపు కొట్టినాడు, లెక్క రాయలేదు.
సుంకన్న, లీటరు,
చెనిక్కాయలు అమ్మినాక ఇస్తానన్నాడు.
వానే రాలేదు, కాయలేడివి?

యాడో సముద్రం అవతల
ఎవురో ఎవురితోనో కొట్లాడితే
మా బల్ల మీద సీసా ధర లేస్తాది.
వన్నూరప్ప నన్ను తిడతాడు.
"నేనేమన్నా బాయి తవ్వించినానా అప్పా?" అంటే
నవ్వి, రాసుకో అంటాడు.

పోయిన నెల ఒకరోజు పొద్దున ఆరున్నరకు
దుమ్ము లేచింది.
కుక్కలు ఎగబడి పరిగెత్తినాయి.
ఆరేండ్ల లోపల పుట్టిన కుక్కలు,
బస్సునెరగవు.
పల్లెవెలుగు.
కండక్టరు తాండా మనిషి, శాంతిబాయి,
దిగి, నడుము వంచి, ఊరినంతా ఒకసారి చూసి
"ఎవురూ రారా?" అనింది.
ఏడుగురు ఎక్కినారు.
వారం తిరిగేసరికి సీట్లు నిండినాయి.
సంతనాడు కోళ్ళు కూడా నిలబడి పోయినాయి.

నా సీసాలు దినానికి ఎనిమిది పొయ్యేవి.
ఐదైనాయి.
రెండైనాయి.
మొన్న ఒకటీ కదల్లేదు.
ఆ రాత్రి పుస్తకం ముందర కూర్చొని
ఆ టైర్లలో మేకు దిగితే బాగుండు అనుకున్నా.
అబద్ధం ఎందుకు, అనుకున్నా.

తెల్లారి వన్నూరప్ప వచ్చినాడు.
చొక్కా జేబులో నుంచి నూటయాభై తీసి
సీసాల పక్కన పెట్టినాడు.
"పాత బాకీలో కొట్టెయ్ మాబున్నీ,
నేనిచ్చింది కాదులే, బస్సు ఇచ్చింది."

మోకాలి డాక్టరు కాడికి
నేనూ ఎక్కినా.
శాంతిబాయి చేతిలో మిషన్ గిర్రుమని
సున్నా అని రాసిన టికెట్టు ఇచ్చింది.
నా లెక్కల బతుకులో
సంతోషపెట్టిన సున్నా అదొకటే.
పక్క సీట్లో లలిత, ఒళ్ళో పుస్తకాలు.
కొండ మీద గాలిమరలు తిరుగుతాండాయి.
ఆ గాలి కరెంటుతోనే నడిచే బస్సులు వస్తాయంట.
గాలి మాదే కదా,
దానికోసం సముద్రం దాటి కొట్లాటెందుకు, అనింది ఆ పాప.
చూద్దాంలే అన్నా.

టౌన్లోకి వస్తానే బంకు కనిపించింది.
నేను క్యాను పట్టుకొని నిలబడే చోట
ఇంకెవరో ఆడమనిషి, నెత్తిన కొంగు,
చేతిలో తెల్ల క్యాను.
ఏ ఊరిదో.
ఆ ఊరికింకా బస్సు పోలేదు.

సీసాలు ఉప్పేసి కడిగినా, వాసన పోలేదు.
అమ్మేసినా పాతసామాన్లోనికి.
బల్ల మీదిప్పుడు బొరుగులు, మజ్జిగ,
బస్సుకు కాసుకునేవాళ్ళకు.
రెండు సీసాలు మటుకు
తలుపు వెనక దాచినా, ఎర్రగుడ్డతోనే.
నొప్పులు పొద్దు చూసి రావు గదా,
బస్సు రాత్రిపూట రాదు,
ఇంకా.