కత్తిరి ఎండలు

మా చిత్తూరులో ఈ ఎండలకి కత్తిరి అని పేరు.
నా చేతిలో ఉండేదీ కత్తెరే.
దేన్ని చూసి దేనికి పేరు పెట్టారో
ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నా నాకు తెలీదు.

పొద్దన్నే అయిదుకి మిద్దె మీద ఉంటాను.
పెయింటు డబ్బాల్లో వంగ,
పగిలిన వాష్‌బేసిన్‌లో పుదీనా,
సిమెంటు గోతాంలో బీరపాదు.
బియ్యం కడుగు వంగకి,
అంట్ల నీళ్లు కనకాంబరాలకి.
ట్యాంకరు నీళ్లు కొన్నవి గదా,
బీరకి మాత్రమే, అదీ చెంబుతో కొలిచి.
ఏడు దాటితే అరికాలు ఆనదు.
దిగేటప్పుడు ఒక్కో మెట్టుదీ ఒక్కో రకం వేడి.

మధ్యాన్నం కరెంటు పోతుంది.
మిషను మోటారు గొంతు సగంలో ఆగుతుంది.
అప్పుడు మంచం కింది పీలికల మూట లాగుతాను.
ఈ పనికి కూలి లేదు, ఇవ్వాల్సిన తేదీ లేదు.
జానెడు చదరం, చేతికుట్టు,
చెమట పడిన సూది జారుతుంటే చీరకి తుడుచుకుంటూ.

ఈ చిలకాకుపచ్చ గ్రీమ్స్‌పేట టీచరమ్మది.
నాలుగు బడులు మారింది, కొలత మారలేదు.
ఈ వంకాయరంగు కట్టమంచి పిల్లది.
వీపు లోతుగా పెట్టమని పిల్ల,
పైకి జరపమని వెనకే వాళ్లమ్మ.
ఇద్దరికీ సరేనన్నాను.
తెల్లచుక్కల నీలం మాత్రం
ఎవరిదో ఎంతకీ గుర్తు రాలేదు.
కొలతల పుస్తకం తిరగేశాను.
ఛాతీ ఉంది, నడుము ఉంది, చెయ్యి పొడవు ఉంది,
మొహం లేదు.
దాన్ని నట్టనడుమ కుట్టాను.

“ఏమ్మే కస్తూరీ, ఈ ఎండల్లో బొంత ఎవురికే?”
పిట్టగోడ అవతల దేశమ్మత్త.
ఆమె చేతిలో తడిగుడ్డ, గుడ్డలో కాకర గింజలు.
“వానెక్కడుందని నానేసినావత్తా?” అన్నాను.
మూట వెనక్కి దాచింది, చిన్నపిల్ల మాదిరి.

మామిడి లారీలు గుజ్జు ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన వారం
పెళ్లిళ్ల పని మీద పడింది.
ముప్పావు కుట్టిన బొంతని ఉతికి
మిద్దె మీద దండేనికి ఆరేసి మరిచాను.
మూడోనాడు చూస్తే
బీర నులితీగ ఒకటి
నేను కట్టిన పురికొసని కాదని,
పక్కనే ఉన్న కర్రని కాదని,
నీలం చదరం అంచున నా కుట్టుని పట్టుకుంది.
మూడు చుట్లు.
మెల్లిగా లాగాను. బొంత కదిలింది, తీగ వదల్లేదు.
నా దారం కంటే సన్నం,
నా ముడి కంటే గట్టి.

కత్తెర బొడ్డోనే ఉంది.
మెడలూ చంకలూ వీపులూ
లెక్క లేకుండా కోసిన చెయ్యి
దాని మీదికి పోయి వెనక్కి వచ్చింది.

“రంగు ఎలిసిపోతాది, తియ్యే!” అని అత్త అరిచింది.
వెలిసింది.
చిలకాకుపచ్చ నిమ్మపండు రంగుకి దిగింది.
వంకాయరంగు, పాపం, బూడిదయింది.
పదకొండోనాటి మాపటేల
బొంత నీడలో పసుపు పువ్వు విచ్చింది,
వెనకాల చిటికెనవేలంత పిందె.

ఆ ఒక్క కాయే కాసింది ఆ ఎండకి.
కూరలో సగం గిన్నె గోడ దాటించాను.
పొట్టు పారెయ్యలేదు. పీలికలు దాచే మనిషిని.
నాలుగు ఎండుమిరపకాయలు, ఉసిరికాయంత చింతపండు,
రోట్లో నూరితే రెండు పూటలకి వచ్చింది.

తొలివాన పడిన రాత్రి కరెంటు పోయింది.
బొంత ఇంకా ముప్పావే.
అయినా కప్పుకున్నాను.
నడుమ ఎక్కడో ఎండిపోయిన నులితీగ
చేతికి గరుగ్గా తగిలింది.
దీపం లేదు, ఏ చదరమో కనపడలేదు,
తడిమితే తెలిసింది.