రేకుల కప్పు కింద శనివారం

నా పని దీపాలు.
కిసుములో, సరస్సు రేవు పక్కన, పాత పత్తి గోదాములో
మూడు లైట్లు, ఒక నిచ్చెన,
ముట్టుకుంటే చిటపటలాడే స్విచ్చుబోర్డు.

మొదటి ఏడాది నాకేం తెలుసు?
వెలుగంతా వాయించేవాడి మీదే కుమ్మరించాను.
పక్కన నిలబడి
అతని మాటల్ని చేతుల్లోకి ఒంపుతున్న నెరియాని
చీకట్లో వదిలేశాను.
రెండో వరసలోంచి ఉండచుట్టిన కాగితమొకటి
నా నుదుటికొచ్చి తగిలింది.
విప్పితే ఒకే ముక్క: ‘మా చెవులార్పేశావు.’
రాసింది మిల్కా ఒబుయా.
రేవులో చేపలమ్మే మనిషి,
వేళ్ళతో బేరమాడి పైసా తగ్గదు.
నాకెందుకు తగ్గుతుంది?

అప్పట్నుంచి ఒక లైటు నెరియాది.
నల్లటి చేతులు తేటగా కనబడాలని
లేత పసుపు చొక్కా తొడుక్కుంటుంది.
గాజులు తీసేస్తుంది. పెళ్ళి ఉంగరం తీసి
నా చొక్కా జేబులో వేస్తుంది.
ఆ రెండు గంటలూ ఆ చేతులు ఎవరికీ పెళ్ళాం కావు.

ముసలి ఒగుటు ఎనిమిది తీగల న్యతితి మోసుకొస్తాడు.
బొటనవేలికి ఇనుప కడియం,
దాంతో వాద్యపు చెక్కని కొడతాడు, చీలమండకి గజ్జెలు.
ఒక్వారో అనే పిల్లాడు
వేదిక మీద బోర్లా పడుకొని
చెంపతో వింటాడు.
తాళం వాడి పళ్ళలోకి ఎక్కుతుందట.

‘తీగ మోతకి సైగేముంటుంది?’ అనడిగాను ఒకసారి.
‘మోతకి లేదు,’ అంది నెరియా,
‘తెగుతుందేమోనన్న భయానికుంది.’

ఆ శనివారం
ఒకే పడవెక్కిన ఇద్దరన్నదమ్ముల కథ.
సగంలో వాన.
రేకుల కప్పు మీద అది వాన కాదు,
బస్తాలు బస్తాలుగా ఎండు మొక్కజొన్న గుమ్మరింపు.
ఒగుటు నోరు కదులుతూనే ఉంది.
ముందు వరస చెవుల వెనక చేతులు పెట్టుకుంది.
వెనక వరసలో ఎవరో అరిచారు, అదీ వినబడలేదు.
నెరియా చేతులు గాల్లోనే ఆగిపోయాయి
(ఆమెకీ చెవులే కదా ఆధారం),
తర్వాత మెల్లగా: వాన. నాకేమీ వినబడటం లేదు.

రెండో వరస పొట్ట పట్టుకొని నవ్వింది.
నూట ఇరవైమందిమి
మూటా ముల్లే లేకుండా
వాళ్ళ ఊళ్ళో దిగిపోయినట్టు.

మిల్కా లేచింది.
లుంగీ కొంగు బిగించి, వేదికెక్కి,
ముసలాయన భుజం తట్టి, పక్కకి జరగమంది.
ఎడమ ముంజేయి నీళ్ళు.
కుడి అరచెయ్యి పడవ.
ఎవరూ చెప్పకుండానే
నేను నా మూడు లైట్లూ ఆమె వైపు తిప్పాను.
ఒగుటు కడియం మాత్రం ఆపలేదు,
అది అరికాళ్ళకి తెలుస్తూనే ఉంది.

మాకెంత అర్థమైందో చెప్పలేను.
పడవ అర్థమైంది. గాలి ఆమె బుగ్గల్లో నిండింది.
పెద్దవాడు తెడ్డు వదిలేయడం అర్థమైంది.
తమ్ముడి చెయ్యి నీళ్ళపైన
అయిదు వేళ్ళుగా,
మూడుగా,
ఒకటిగా,
ఆ తర్వాత ముంజేయి, ఉత్త నీళ్ళు.
దాన్ని ఎవరైనా నాకు మాటల్లోకి మార్చాలా?

వాన వెలిసింది.
కొందరు చప్పట్లు కొట్టబోయి, సిగ్గుపడి,
చేతులెత్తి ఆకుల్లా ఆడించారు.
నేను నిచ్చెన మీదే ఉండి
ఒక చెయ్యే ఆడించాను.

ఒగుటు గొంతు సవరించుకున్నాడు.
‘బాగుంది గానీ, నా కథలో తమ్ముడు తిరిగొస్తాడు.’
నెరియా చేతులు ఆ మాటని మోసుకెళ్ళాయి.
మిల్కా ఒక్క క్షణం చూసింది,
కుళ్ళిన చేపకి ఎవడో ధర చెప్పినట్టు.
‘ఈ సరస్సులోంచా?’ అంది.

జేబులో ఉంగరం ఉందా అని తడిమి చూసుకుంటూ
లైట్లు ఒక్కొక్కటే ఆర్పాను,
ఆమెది చివర.